సర్పగంధి: మూలిక నుంచి ఔషధం దాకా

1949లో లండన్ నుంచి వెలువడే బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ వ్రాసిన వ్యాసమొకటి అచ్చయింది. అధిక రక్తపోటుతో బాధపడుతున్న యాభైమంది రోగులకు సర్పగంధి వేరుతో తయారైన మాత్రలిచ్చి, వారి రక్తపోటును కొలిచి, వచ్చిన ఫలితాలను ఆయన అందులో వివరించారు. ఆనాటికి అధిక రక్తపోటుకు తృప్తికరమైన మందు ప్రపంచంలో ఎక్కడా లేదు. పడక విశ్రాంతి, ఉప్పు లేని అన్నం, నిద్రమాత్రలు, మరీ ముదిరినప్పుడు వెన్నెముక పక్కనుండే నరాలను కోసివేసే శస్త్రచికిత్స: వైద్యుల చేతిలో ఉన్నవి ఇవే. 1945 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మెదడులో రక్తస్రావం జరిగి మరణించేనాటికి చాలాకాలంగా ఆయన రక్తపోటు ప్రమాదకర స్థాయిలో ఉంది. అంతటివాని పక్కనున్న వైద్యులు సైతం దానిని అదుపు చేయలేకపోయారు. అటువంటి కాలంలో ఒక వలస దేశం నుంచి, అదీ స్వాతంత్ర్యం వచ్చి రెండేళ్లయినా నిండీ నిండని దేశం నుంచి, ఒక అడవి మొక్క వేరు రక్తపోటును తగ్గిస్తుందన్న వార్త వెళ్లింది.

ఈ వార్త వెనుకనున్న చరిత్రను రెండు విధాలుగా చెప్పడం పరిపాటి అయింది. మన పూర్వులకు ఇదంతా ముందే తెలుసునని, పాశ్చాత్యులు దానిని ఎత్తుకుపోయారని ఒక కథనం. స్విట్జర్లాండు ప్రయోగశాలలో దొరికిన ఒక రసాయనంతోనే అసలు చరిత్ర మొదలవుతుందని మరొక కథనం. ఈ రెండింటి నడుమ 1931 నుంచి 1949 దాకా ఢిల్లీ, కలకత్తా, బొంబాయి నగరాలలో జరిగిన కృషి మరుగున పడిపోయింది. సర్పగంధి చరిత్రలో అత్యంత విలువైన భాగం అదే.

సర్పగంధి గన్నేరు కుటుంబానికి చెందిన చిన్న పొద. మూరెడు రెండు మూరల ఎత్తుకు మించి పెరగడం అరుదు. కణుపుకు మూడు నాలుగు చొప్పున ఆకులు, ఎర్రని కాడలపై తెల్లని పూలగుత్తులు, పండితే నల్లబడే చిన్న కాయలు దీని లక్షణాలు. హిమాలయ పాదప్రాంతాలు, ఈశాన్య భారతం, పడమటి కనుమలు, శ్రీలంక, బర్మా, జావా దీని నివాసాలు. తూర్పు కనుమల తేమ అడవుల్లో కూడా అక్కడక్కడా కనిపిస్తుంది. తెలుగులో దీనిని సర్పగంధి అనీ, పాతాళగంధి అనీ అంటారు. పాతాళగరుడి అనే తీగ వేరు, ఇది వేరు. పేర్ల పోలిక వల్ల ఈ రెండింటినీ కలిపివేయడం కద్దు. ఔషధ గుణమంతా ఈ మొక్క వేరులోనే, అందులోనూ ముఖ్యంగా వేరు బెరడులోనే ఉంది. ఆ వేరు విపరీతమైన చేదు.

చరక సుశ్రుత సంహితలలో సర్పగంధ, నాకులి అనే పేర్లు కనిపిస్తాయి. అయితే ఆ పేర్లు నేడు మనం సర్పగంధిగా గుర్తిస్తున్న మొక్కకే చెందుతాయా అన్న విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. ఒకే పేరు పలు మొక్కలకు, ఒకే మొక్కకు పలు పేర్లు ఉండడం మన వైద్య వాఙ్మయంలో సాధారణం. ప్రాచీనులు దీనిని ప్రధానంగా విషహరణ సందర్భంలోనే పేర్కొన్నారన్నది మాత్రం స్పష్టం. రక్తపోటు ప్రసక్తి ఆ గ్రంథాలలో ఉండే అవకాశమే లేదు. రక్తపోటు అనేది కొలిస్తే గాని తెలియని వ్యాధి. చేతికి పట్టీ చుట్టి రక్తపోటును కొలిచే పద్ధతిని ఇటలీ వైద్యుడు రివా రోచీ 1896లో ప్రకటించగా, రష్యా వైద్యుడు కొరోట్కోవ్ 1905లో దానికి నేటి రూపమిచ్చాడు. కొలమానం పుట్టకముందే ఫలితం తెలుసుననడం పూర్వులకు గౌరవం కాదు, చరిత్రకు న్యాయమూ కాదు.

నాకులి అన్న పేరు నకులం, అనగా ముంగిస, నుంచి వచ్చింది. పాముతో పోరాడే ముందు ముంగిస ఈ మొక్కను నమిలి విషం సోకకుండా కాపాడుకుంటుందన్న విశ్వాసం దక్షిణాసియా అంతటా ఉండేది. గోవాలో స్థిరపడిన పోర్చుగీసు వైద్యుడు గార్సియా ద ఓర్తా 1563లో అక్కడే ముద్రింపించిన తన ఔషధ సంభాషణల గ్రంథంలో పాముకాటుకు వాడే వేళ్లను వర్ణిస్తూ ఈ ముంగిస కథను కూడా చేర్చాడు. తూర్పు ఇండియా దీవులలోని అంబోయినాలో డచ్చి కంపెనీ ఉద్యోగిగా పనిచేస్తూ 1670లో చూపు కోల్పోయిన రుంఫియస్, ఆ తరువాత కూడా పట్టు విడువక సాగించిన తన మహాగ్రంథంలో దీనికి ముంగిస వేరు అనే అర్థంలోనే పేరు పెట్టాడు. ఆయన 1702లో మరణించగా, గ్రంథం 1741 నుంచి గాని అచ్చుకాలేదు. పాముకాటుకు ఇది విరుగుడన్న మాటను నేటి వైద్యశాస్త్రం అంగీకరించదు. అయినా ఆ విశ్వాసమే ఈ మొక్కను శతాబ్దాల తరబడి జనం నోట నిలిపిందన్నది కాదనలేని విషయం.

శాస్త్రీయ నామం సంగతి మరీ విచిత్రం. 1703లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ప్లూమియే, అమెరికా ఉష్ణమండలంలోని మొక్కల జాతి ఒకదానికి ఆగ్స్‌బర్గ్ వైద్యుడు లియోన్‌హార్డ్ రౌవోల్ఫ్ పేరు పెట్టాడు. రౌవోల్ఫ్ 1573-76 సంవత్సరాలలో సిరియా, ఇరాక్ ప్రాంతాలు తిరిగి యాత్రాగ్రంథం వ్రాసినవాడు. ఆయన భారతదేశానికి రానేలేదు, ఈ మొక్కను చూడనేలేదు. లిన్నేయస్ 1753లో మన మొక్కకు వేరే పేరు పెట్టినప్పటికీ, అది ప్లూమియే చెప్పిన జాతికి చెందినదేనని తరువాత తేలి, 1877 నాటికి రౌవోల్ఫియా సర్పెంటినా అన్న పేరు స్థిరపడింది. చివరి మాట ఒక్కటే మన సర్పానికి గుర్తుగా మిగిలింది.

పండితుల గ్రంథాలకు వెలుపల, పల్లె వైద్యంలో ఈ వేరుకు మరొక వాడుక ఉండేది. బీహారులో దీనిని పిచ్చికి మందు అన్న అర్థం వచ్చే పేరుతో అమ్మేవారు. ఉన్మాదంతో కేకలు వేసేవారికి ఈ పొడి ఇచ్చి నిద్ర పుచ్చేవారు. పసిపిల్లలను నిద్రపుచ్చడానికి సైతం తల్లులు దీనిని వాడినట్లు వైద్యులు నమోదు చేశారు. తరువాత కాలంలో పరిశోధకులకు దారి చూపినది సంహితలలోని శ్లోకం కన్నా ఈ జానపద వాడుకే ఎక్కువ. ఆ వాడుకను నిలిపినవారిలో ఒక్కరి పేరూ మనకు దక్కలేదు.

1931వ సంవత్సరం ఈ చరిత్రలో మలుపు. ఆ ఏడాది రెండు నగరాలలో, పరస్పర సంబంధం లేని రెండు పనులు జరిగాయి.

మొదటిది ఢిల్లీలో. ప్రసిద్ధ యునానీ వైద్యుడు, జాతీయ కాంగ్రెసు అధ్యక్షుడుగా కూడా పనిచేసిన హకీమ్ అజ్మల్ ఖాన్ స్థాపించిన ఆయుర్వేద యునానీ తిబ్బియా కళాశాలను 1921 ఫిబ్రవరిలో గాంధీజీ ప్రారంభించారు. పాత మందులను కొత్త రసాయన శాస్త్రంతో పరీక్షించాలన్నది హకీమ్ గారి ఆశయం. ఇందుకోసం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో డాక్టరేటు పొందిన యువకుడు సలీముజ్జమాన్ సిద్దీఖీకి పరిశోధనశాల బాధ్యత అప్పగించారు. హకీమ్ గారు 1927 డిసెంబరులో కన్నుమూశారు. నాలుగేళ్ల తరువాత సిద్దీఖీ, ఆయన సహచరుడు రఫత్ హుసేన్ సిద్దీఖీ సర్పగంధి వేరు నుంచి అయిదు ఆల్కలాయిడ్లను వేరుచేసి భారతీయ రసాయన సంఘం పత్రికలో ప్రకటించారు. వాటిలో మూడింటికి తమ పోషకుని పేరు మీదుగా అజ్మలిన్, అజ్మలినిన్, అజ్మలిసిన్ అని నామకరణం చేశారు. వీటిలో అజ్మలిన్ గుండె లయ తప్పినప్పుడు వాడే మందుగా పనికివచ్చింది. బ్రుగాడా సోదరులు 1992లో వర్ణించిన వంశపారంపర్య హృద్రోగాన్ని గుర్తుపట్టడానికి నేటికీ ఐరోపా ఆసుపత్రులలో రోగికి సూది ద్వారా అజ్మలిన్ ఇచ్చి గుండె విద్యుత్ రేఖలను పరిశీలిస్తారు. ఆ వైద్యులలో ఎందరికి ఆ పేరు ఢిల్లీ హకీమ్ గారిదని తెలుసో చెప్పలేము.

రెండవది కలకత్తాలో. కవిరాజ్ గణనాథ్ సేన్ సంస్కృత వైద్య గ్రంథాలలో పండితులు, కలకత్తా వైద్య కళాశాలలో పాశ్చాత్య వైద్యం చదివినవారు. రెండు సంప్రదాయాలూ ఒకే మనిషిలో కూడిన అరుదైన సందర్భమది. ఆయన, డాక్టర్ కార్తీక్ చంద్ర బోస్ కలసి ఇండియన్ మెడికల్ వరల్డ్ అనే పత్రికలో ఒక వ్యాసం ప్రకటించారు. ఉన్మాదానికి, అధిక రక్తపోటుకు సర్పగంధి కొత్త భారతీయ ఔషధమని ఆ వ్యాసం శీర్షికే చాటింది. వేరు పొడిని రోజుకు 20 నుంచి 30 గ్రెయిన్ల మోతాదులో ఇస్తే ఉద్రేకం తగ్గి నిద్ర వస్తుందని, రక్తపోటు దిగుతుందని వారు వ్రాశారు. ఇక్కడే పల్లె వైద్యానికి కొలమానం తోడయింది. పిచ్చికి మందుగా మాత్రమే తెలిసిన వేరు రక్తపోటుకు కూడా మందని తొలుత అచ్చులో చెప్పిన గౌరవం వీరిదే. కాని కలకత్తా పత్రిక బోస్టన్ వైద్యుని బల్లమీదికి చేరే కాలం కాదది. ఒక సత్యం ఎప్పుడు వెల్లడైందన్నదానికన్నా ఎక్కడ అచ్చయిందన్నదే దాని కీర్తిని నిర్ణయించడం వలస పాలన నాటి విజ్ఞాన చరిత్రలో తరచు కనిపించే విషాదం.

కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో రామనాథ్ చోప్రా ఆధ్వర్యంలో ఈ పరిశీలన ముందుకు సాగింది. చోప్రా, గుప్తా, ముఖర్జీ 1933లో ఈ ఆల్కలాయిడ్లు జంతువుల శరీరంపై చూపే ప్రభావాన్ని ప్రకటించారు. దేశీయ మూలికలను పరిశీలించడానికి నియమబద్ధమైన పద్ధతిని మనదేశంలో నెలకొల్పినవారు చోప్రా. మరొకవైపు 1934 నుంచి సర్పినా అన్న పేరుతో ఈ వేరు మాత్రలను హిమాలయ డ్రగ్ కంపెనీ విక్రయించసాగింది. కాబట్టి 1949లో వకీల్ వ్యాసం వ్రాసేనాటికి దేశంలోని వైద్యులు పలువురు ఈ మందును వాడుతూనే ఉన్నారు. వకీల్ కొత్తగా చేసినదేమిటంటే, ఆ అనుభవాన్ని క్రమబద్ధంగా, రోగి తరువాత రోగిగా, అంకెలలో నమోదు చేసి ప్రపంచం చదివే పత్రికలో నిలబెట్టడం. ఇది చిన్న పని కాదు.

ఆ వ్యాసం చదివిన బోస్టన్ వైద్యుడు రాబర్ట్ విల్కిన్స్ భారతదేశం నుంచి మందు తెప్పించుకొని తన రోగులకు ఇచ్చి చూశాడు. రక్తపోటు మెల్లగా తగ్గడంతో పాటు రోగుల మనస్సు విచిత్రంగా శాంతించడం ఆయన గమనించాడు. 1952లో స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో సీబా కంపెనీకి చెందిన ముల్లర్, ష్లిట్లర్, బైన్ అనే శాస్త్రజ్ఞులు ఈ వేరులోని ప్రధాన ఔషధ పదార్థాన్ని వేరుచేసి రిసర్పిన్ అని పేరు పెట్టారు. గ్రాముల కొద్దీ వేరు పొడి ఇచ్చే ఫలితాన్ని మిల్లీగ్రాములో నాలుగోవంతు రిసర్పిన్ ఇవ్వగలదు. మరుసటి ఏడే అది సర్పసిల్ పేరుతో అంగడికెక్కింది. సిద్దీఖీలు వేరుచేసిన అయిదింటిలో ఇది లేదు. తిబ్బియా కళాశాల ప్రయోగశాలకు, బాసెల్‌లోని ఔషధ సంస్థకు ఉన్న వనరుల తారతమ్యం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

మానసిక చికిత్సలోనూ ఇదే క్రమం. 1953లో అహమ్మదాబాదు వైద్యుడు ఆర్. ఎ. హకీమ్ మానసిక రోగులపై సర్పగంధి ప్రభావాన్ని వివరించిన వార్త న్యూయార్కు పత్రికకెక్కింది. దానితో ఆసక్తి కలిగిన నేథన్ క్లైన్ 1954లో అమెరికాలోని మానసిక చికిత్సాలయంలో రిసర్పిన్‌ను ప్రయోగించి ఫలితాలు ప్రకటించాడు. సంకెళ్లు, విద్యుదాఘాతాలు తప్ప వేరు దారి లేని ఆసుపత్రులలో రోగులు నెమ్మదించి మాట్లాడసాగారు. 1957లో ప్రతిష్ఠాత్మకమైన లాస్కర్ బహుమానం పొందినవారిలో క్లైన్‌తో పాటు రుస్తుం జాల్ వకీల్ కూడా ఉన్నారు. సేన్, బోస్ పేర్లను ఏ బహుమాన పత్రంలోనూ వెదకనక్కరలేదు.

రిసర్పిన్ వల్ల కలిగిన మేలులో మందుగా పనిచేయడం ఒక భాగం మాత్రమే. అది మెదడులో ఏం చేస్తుందని వెదుకుతూ పోయిన శాస్త్రజ్ఞులు కొత్త శాస్త్రాన్నే నిర్మించారు. 1955లో బ్రోడీ బృందం రిసర్పిన్ మెదడులోని సెరొటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుందని చూపింది. 1957లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్, రిసర్పిన్ ఇవ్వగా కదలిక ఉడిగి బొమ్మల్లా మిగిలిన జంతువులకు ఎల్-డోపా అనే పదార్థమిస్తే అవి మళ్లీ లేచి తిరిగాయని ప్రకటించాడు. పార్కిన్‌సన్ వ్యాధికి, అంటే వణుకు వాయువుకు, నేడు ఇస్తున్న ప్రధాన చికిత్సకు మూలం ఇదే. కార్ల్‌సన్‌కు 2000 సంవత్సరంలో నోబెల్ బహుమతి లభించింది.

ఇంతకన్నా విస్తృతమైన మేలు మరొకటి జరిగింది. రక్తపోటును తగ్గించినంత మాత్రాన మనిషి ఆయుష్షు నిలుస్తుందా అన్న ప్రశ్నకు 1960ల దాకా నిశ్చితమైన సమాధానం లేదు. పెరిగిన రక్తపోటు శరీరానికి అవసరమైనదేనని వాదించిన పెద్ద వైద్యులు కూడా ఉండేవారు. ఎడ్వర్డ్ ఫ్రైస్ నాయకత్వంలో అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులు 1967లో ప్రకటించిన పరీక్ష ఈ సందేహాన్ని తీర్చింది. రక్తపోటులోని కింది అంకె 115కు, 129కి మధ్య ఉన్న 143 మంది పురుషులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి మూడు మందుల కలయికను, మరొక వర్గానికి మందు లేని మాత్రలను ఇచ్చారు. మందు లేని వర్గంలో తీవ్రమైన ఉపద్రవాలు 27 సంభవించగా, మందు తీసుకున్నవారిలో 2 మాత్రమే. ఆ మూడు మందులలో ఒకటి రిసర్పిన్. నేడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సైతం రక్తపోటును చూసి మాత్ర వ్రాసి ఇచ్చే ఆచారానికి ఆధారమైన తొలి రుజువులో సర్పగంధి పాలు ఉన్నదన్నమాట.

ఇక చెరుపు సంగతి. ముక్కు దిబ్బడ, గుండె వేగం మందగించడం, కడుపులో పుండ్లు మొదటినుంచీ తెలిసినవే. 1954 నాటికే కొందరు రోగులు తీవ్రమైన దిగులుకు లోనవుతున్నారని ఫ్రైస్ వంటివారు హెచ్చరించారు. ఆనాడు వాడిన మోతాదులు తరువాత వాడినవాటికన్నా చాలా ఎక్కువ. దిగులుకు రిసర్పినే కారణమన్న నిర్ణయం ఆ కాలంలో భావించినంత దృఢమైనది కాదని ఇటీవలి సమీక్షలు అంటున్నాయి. 1974లో రొమ్ము క్యాన్సరుతో దీనికి సంబంధముందని వెలువడిన నివేదికలను తరువాతి పరిశీలనలు బలపరచలేదు. కాని అప్పటికే కొత్త మందులు వచ్చాయి. వాటిని ప్రచారం చేసే సంస్థలకు, చవకైన పాత మందు అపఖ్యాతిని తుడిచివేయవలసిన అవసరం ఏముంది? చాలా దేశాలలో రిసర్పిన్ వాడుక తప్పిపోయింది. చైనాలో మాత్రం చవకైన మిశ్రమ మాత్రలలో అది నేటికీ ఉంది. మనదేశంలో సర్పగంధి చూర్ణం, ఘనవటి ఆయుర్వేద చికిత్సలో నిద్రలేమికి, రక్తపోటుకు వాడుకలో ఉన్నాయి. మూలిక గనుక హాని చేయదనుకోవడం ఈ మొక్క విషయంలో ముఖ్యంగా పొరపాటు. వేరు వేరుకూ రిసర్పిన్ పాలు మారుతుంది, ఇతర రక్తపోటు మందులతో, గుండె మందులతో కలిస్తే ప్రమాదం కలుగుతుంది. వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడదగిన వస్తువు కాదిది.

మందు ప్రపంచమంతటా వ్యాపించిన కాలంలో మొక్కకు పట్టిన గతి వేరు. ఔషధం వేరులో ఉన్నది గనుక త్రవ్వడమంటే మొక్కను చంపడమే. ఆకు కోసుకొని చెట్టును బ్రతకనిచ్చే వీలు ఇక్కడ లేదు. 1950లలో ఐరోపా, అమెరికా కర్మాగారాలకు టన్నుల కొద్దీ వేరు అవసరం కావడంతో హిమాలయ పాదాల నుంచి పడమటి కనుమల దాకా అడవులు గాలించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ వుడ్‌వర్డ్ 1956లో రిసర్పిన్‌ను ప్రయోగశాలలోనే నిర్మించి చూపారు. రసాయన శాస్త్రంలో అది ఘనవిజయమే గాని వేరు నుంచి తీయడమే చవక కావడంతో త్రవ్వకం ఆగలేదు. రిసర్పిన్ ఎక్కువగా ఉండే ఆఫ్రికా జాతి రౌవోల్ఫియా వొమిటోరియా వైపు పాశ్చాత్య కర్మాగారాలు మళ్లిన తరువాతనే ఒత్తిడి కొంత తగ్గింది. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వాణిజ్యాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండవ అనుబంధంలో సర్పగంధి 1990లో చేరింది. అడవి వేరు అరుదైన కొద్దీ కల్తీ పెరిగింది. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన ఊళ్ల పొలిమేరలలో స్థిరపడిన మరొక రౌవోల్ఫియా జాతి వేళ్లను సర్పగంధిగా అమ్మడం వ్యాపారంలో తెలిసిన విషయమే.

దేశ విభజన తరువాత 1951లో పాకిస్తాన్ వెళ్లిన సిద్దీఖీ అక్కడి శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిని నిర్మించి, కరాచీలో వృక్ష రసాయన శాస్త్రానికి ఒక తరాన్ని తయారుచేసి, 1994లో కన్నుమూశారు. ఆయన వేపపై చేసిన పని కూడా ప్రసిద్ధమే. చోప్రా 1941లో జమ్ములో ఔషధ పరిశోధనశాలను నెలకొల్పగా, 1957లో దానిని శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి స్వీకరించింది. లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల సంస్థ, ఇందూరులోని వ్యవసాయ కళాశాల సాగుకు అనువైన సర్పగంధి రకాలను రూపొందించాయి. 2000 సంవత్సరంలో ఏర్పడిన జాతీయ ఔషధ మొక్కల మండలి ఇటువంటి మొక్కల సాగుకు సాయం చేస్తోంది. అయితే విత్తనాలలో మొలకెత్తేవి తక్కువ. నాటిన తరువాత వేరు చేతికి రావడానికి ఏడాదిన్నర నుంచి మూడేళ్లు పడుతుంది. అంతకాలం భూమిని కట్టివేసుకున్న రైతు, అడవి నుంచి ఖర్చులేకుండా త్రవ్వితెచ్చిన వేరుతో ధరలో పోటీ పడవలసి వస్తున్నది. కొనేవారు ఆ రెండు వేళ్లనూ ఒకే బస్తాలో తూస్తున్నారు.